తోడులేని వేణువు

(మన సంఘ ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వారము సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. త్యాగరాజస్వామిని గూర్చియో, క్షేత్రయ్యను గూర్చియో చెప్పుదుమని వారు తలచియుందురు. మేము ఎత్తుకొనబోవు విషయము వేఱు. దాదాపు మున్నూఱేండ్ల క్రిందట జర్మనీ దేశమున ఒంటి వేణువునకై వ్రాయబడిన సంగీతమును గూర్చియు, దానిని ఆ కాలపు కొయ్య వేణువుల మీదనే వాయించుటను గూర్చియు నేడు మాటాడుదుము. సత్రపట్టికిని దీనికిని సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధము కలదు. అది కొంత చుట్టు తిరిగి వచ్చును; అంతవరకు ఓపిక పట్టుడని ప్రార్థన.

ఈ సంగీతము మా చెవిని బడిన తీరు మొదట చెప్పెదము. మా చెల్లెలి కుమారుడు పైదేశమున ఉద్యోగము చేయుచున్నాడు. క్రిందటి సంవత్సరము సెలవులకు వచ్చినప్పుడు తన ఫోనులో ఒక పాటను మాకు వినిపించెను. మన ఊరి సంగతి మీకు తెలిసినదే. మరమగ్గములు ఆడుచుండగా ప్రక్కవాని మాటయే వినబడదు. ఆనాడు కరెంటు నిలిపిన దినము గనుక వీథియంతయు సద్దు మణగియుండెను. ఆ నిశ్శబ్దమున ఒక వేణువు పలికెను. తంబుర లేదు, మృదంగము లేదు, వయొలిను లేదు. మా అక్కగారు కొంతసేపు విని, "ప్రక్కవాద్యములవారు ఇంకను రాలేదా నాయనా?" అని అడిగిరి. అందఱమును నవ్వితిమి గాని, మా సందేహమును అదియే. షడ్జమును పట్టియుంచువారు లేక పాట ఎట్లు నిలుచును? తాళము ఎవరు వేయుదురు?

రెండవమారు విన్నప్పుడు ఒక సంగతి తోచెను. ఆ వేణువు ఒక్కటి కాదు, రెండు. క్రింది స్థాయిలో ఒకటి నెమ్మదిగా నడచుచుండెను. పై స్థాయిలో ఒకటి దానికి బదులు చెప్పుచుండెను. వాయించువాడు మాత్రము ఒక్కడే. అవ్వ కథ చెప్పునప్పుడు తానే రాజై గంభీరముగా పలికి, మరుక్షణమున తానే మంత్రియై వినయముగా పలుకును గదా! వినుచున్న పిల్లవానికి ఇద్దఱును కనబడుదురు. ఇదియు అట్టిదే. వేణువు క్రింది స్వరమును ఒకమారు తాకి పైకెగిరిపోవును. ఆ క్రింది స్వరము మన చెవిలో మ్రోగుచునే యుండును. తంబురను పక్కన పెట్టుకొనుటకు మారుగా స్వరకర్త దానిని పాటలోపలనే నేసినాడు. నేతగాండ్ర ఊరివారికి ఇంతకంటె విప్పి చెప్పనక్కఱలేదు.

ఆ కాలపు సంగీతమును బరోక్ సంగీతమందురు. సుమారు 1600 మొదలు 1750 వఱకు అని లెక్క. పోర్చుగీసు భాషలో వంకరముత్యమను అర్థముగల మాటనుండి ఆ పేరు పుట్టినదని చెప్పుదురు. తరువాతి తరమువారు ఎగతాళిగా పెట్టిన పేరది. పిదప అదియే గౌరవనామమైనది.

ఒంటి వేణువు కృతులలో పెద్ద సంపుటము టెలిమన్ అనునతనిది. గేయార్గ్ ఫిలిప్ టెలిమన్ 1681లో మాగ్డెబుర్గ్ నగరమున జన్మించెను. 1721 మొదలు హాంబుర్గ్ నగరమున సంగీతాధికారిగా నుండెను. 1730 ప్రాంతమున అతడు తోడువాద్యము లేని వేణువునకు పండ్రెండు ఫాంటసీలను వెలువరించెను. మన మాటలలో చెప్పవలెనన్న అవి స్వేచ్ఛాకల్పనలు. ఒక్కొక్కటి కొన్ని నిమిషములే. అందులోనే ఆలాపనవంటి భాగము, ఒకరివెంట ఒకరు పరుగిడునట్టి ఫ్యూగ్ అను భాగము, చివర పల్లెవారి నాట్యమువంటి భాగము ఉండును. ఆ ముద్రణము ప్రతి ఒక్కటియే మిగిలినది. అది బ్రస్సెల్సు నగర సంగీతవిద్యాలయ గ్రంథాలయమున ఉన్నది; దాని ముఖపత్రముమీద ఎవరో పొరపాటున వయొలినునకని వ్రాసియుంచిరి. ఆ ఒక్క ప్రతి చెదలుపట్టి పోయియున్నచో నేడు మాటాడుటకు మాకీ విషయమే లేకపోయెడిది. గాంబా అను తంత్రీవాద్యమునకు టెలిమన్ వ్రాసిన పండ్రెండు ఫాంటసీలు పోయినవనియే అందఱును అనుకొనుచుండగా, 2015లో ఒక ప్రతి బయటపడినది. పాత కాగితములను పాతవని పాఱవేయరాదు.

రెండవవాడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750). అతడు ఒంటి వేణువునకు వ్రాసినది ఒక్కటే మనకు దక్కినది. అదియును అతని చేవ్రాత కాదు, పరుల నకలు. అందు నాలుగు భాగములు. నాలుగును నాట్యముల పేళ్ళే. మొదటి భాగమున స్వరములు ఎడతెగక పరుగెత్తును. ఊపిరి తీయుటకు చోటు ఎచ్చటను విడువలేదు. మనుష్యమాత్రుడు వాయించునదా, లేక వయొలినునకు వ్రాసినదా అని పండితులు వాదించిన దినములు కలవు. ఆ భాగము చివర వేణువు ఎక్కి నిలుచు స్వరము ఆనాటి వాద్యమునకు దాదాపు మేర. మూడవవాడు బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్. అతడు 1747లో వ్రాసిన ఒంటి వేణువు సొనాటా 1763లో అచ్చయినది. అప్పుడతడు ప్రష్యా రాజైన రెండవ ఫ్రెడరికు కొలువున ఉండెను. ఆ రాజు తానే వేణువు వాయించువాడు. సాయంకాలములందు కొలువున వేణుగానము సాగెడిది. రాజునకు గురువు క్వాంట్స్ అనునతడు.

వీరందఱికంటె ముందు హాలెండు దేశపు యుట్రెఖ్ట్ నగరమున యాకబ్ ఫాన్ ఐక్ అను గ్రుడ్డివాడు ఉండెను. గంటల గోపురమున గంటలు మ్రోగించుట అతని ఉద్యోగము. సాయంకాలము చర్చి ఆవరణమున చల్లగాలికి తిరుగువారికి నిలువు పిల్లనగ్రోవి వాయించి వినోదము కల్పించెడివాడు. అందుకై అతని జీతము పెంచిరి. 1640 తరువాతి సంవత్సరములలో అతని పాటలు అచ్చుపడినవి. మన దక్షిణదేశమున వేణువును కచేరీ వాద్యముగా నిలబెట్టిన కుంభకోణము శరభశాస్త్రిగారును (1872–1904) చూపు లేనివారే గదా. ఇది మాటవరుసకు చెప్పినది.

ఇప్పుడు వాద్యమును గూర్చి. ఆనాటి అడ్డవేణువు పసుపువన్నె బాక్స్‌వుడ్ కొయ్యతోనో, దంతముతోనో చేసినది. ఊదు రంధ్రము ఒకటి, వ్రేళ్ళకు రంధ్రములు ఆఱు, చిటికెనవ్రేలికి మీట ఒకటి. ఇంతే. లోపలి గొట్టము తలవైపున వెడల్పై చివరకు సన్నబడును. సహజముగా ఊదినచో అది పలుకునది మన శంకరాభరణమే. తక్కిన స్వరములకు ఒక రంధ్రమును తెరచి దాని క్రింది రంధ్రములను మూయవలెను. అట్లు వచ్చిన స్వరము మేలిముసుగు వేసికొన్నట్లు మెత్తగా వచ్చును. కావున ఒకే పాటలో కొన్ని స్వరములు వెలుగునను, కొన్ని నీడలోను ఉండును. టెలిమన్ తన పండ్రెండింటిని పండ్రెండు వేర్వేఱు శ్రుతులలో క్రమముగా పైకెక్కించుచు, ఆ వేణువునకు బొత్తిగా పొసగని శ్రుతులను విడిచిపెట్టెను. నీడ స్వరము ఎక్కడ పడవలెనో ఎఱిగి వ్రాసినవాడతడు.

క్వాంట్స్ చేయించిన వేణువులకు ఒకటికి మారుగా రెండు మీటలుండెను. ఎందులకనగా, పియానోమీద ఒకే మెట్టుగా ఉన్న స్వరము అతని చెవికి రెండు స్వరములు. సంగీతము నేర్చిన మన పిల్లలకు ఇది వెంటనే బోధపడును. షట్శ్రుతి ఋషభమునకును సాధారణ గాంధారమునకును హార్మోనియముమీద మెట్టు ఒక్కటే. పాడువాని కంఠమున అవి ఒక్కటి కావు. ఆ భేదమును కాపాడుటకే ప్రత్యేకముగా ఒక మీట పెట్టించిన మనిషి బెర్లినులో ఉండెను. ఈ సంగతి తెలిసిన దినమున మాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు.

తరువాత ఏమైనది? మ్యూనిక్ నగరపు బోమ్ అనునతడు 1847లో గొట్టమును సమముగా చేసి, లోహముతో, ప్రతి స్వరమునకును తగిన రంధ్రముతోను మీటలతోను క్రొత్త వేణువును నిర్మించెను. అది గొప్ప నిర్మాణమే. దానిని మేము తక్కువ చేయము. వేయిమంది కూర్చున్న మందిరమున చివరి వరుసకును వినబడును. ప్రతి స్వరమును సమానముగా పలుకును. పాతది మూలబడెను. మీటలు లేనిది, బలహీనమైనది, అపస్వరములది అని పేరుపడెను. టెలిమన్‌ను, బాఖ్‌ను లోహపు వేణువుమీద వాయించుచుండిరి. అయితే నీడ స్వరములన్నియు వెలుగులోనికి వచ్చినవి; అవ్వ గొంతు మార్చి చెప్పిన కథను పట్టణపు ఉపన్యాసకుడు ఒకే గొంతుతో చదివినట్లైనది. లోపమనుకొన్నది లోపము కాదు. పాట దానిని నమ్ముకొని వ్రాయబడినది.

ఇరువదవ శతాబ్దమున కొందఱు పాత వేణువును మరల చేతికెత్తుకొనిరి. వారిలో బెల్జియము దేశస్థుడైన బార్తోల్డ్ కౌకెన్ (జననము 1949) ముఖ్యుడు. ఆ వాద్యమును నేర్పు గురువులు నాడు అరుదు. కావున అతడు చాలవఱకు స్వయంకృషితో, పాత వాద్యమునే గురువుగా పెట్టుకొని, పాత గ్రంథములను చదివి నేర్చుకొనెను. శ్రుతియును పాతదే పట్టిరి. నేడు లోకమంతట ధైవతమునకు సెకనుకు 440 కదలికలు అని నియమము. వీరు 415, ఫ్రెంచి సంగీతమునకు కొన్ని యెడల 392. అనగా మన లెక్కలో ఒక స్వరస్థానము, రెండు స్వరస్థానములు దిగువ.

వాద్యము దొరకినంత మాత్రమున చాలదు, గ్రంథము కావలెను అను మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ఒతెతేర్ అను ఫ్రెంచి విద్వాంసుడు 1707లో పారిసులో వేణుశిక్షా గ్రంథమును ప్రకటించెను. క్వాంట్స్ గ్రంథము 1752లో బెర్లినులో వెలువడెను. ఈ రెండును చదువనివానికి పాత వేణువు వట్టి కొయ్య. అందేమున్నది? వ్రేళ్ళ పట్టికలున్నవి, గమకములున్నవి, అన్నిటికంటె ముఖ్యముగా నాలుకను గూర్చి ఉన్నది. ప్రతి స్వరమునకు వేణువులోనికి ఏ అక్షరము పలుకవలెనో చెప్పినారు. ఒతెతేర్ తు, రు అని పలుకుమన్నాడు. క్వాంట్స్ తి, ది అనియు, వేగమునకు దిద్-ల్ అనియు నేర్పినాడు. మన నాగస్వరమువారు తుత్తుకారము అనునది ఇదియే. మాట లేని వాద్యమున మాట దాగియున్నది. ఫ్రెంచివాని నాలుక తిరుగు తీరు వేఱు, జర్మనుని తీరు వేఱు; పాటయు అందుకు తగినట్లే నడచును.

ఊపిరియు అంతే. బాఖ్ మొదటి భాగమున ఊపిరికి చోటు లేదని చెప్పితిమి గదా. మంచి విద్వాంసుడు ఏమి చేయును? ఎక్కడ వాక్యము ముగిసినదో, ఎక్కడ పదము తెగినదో తెలిసికొని అక్కడ అణుమాత్రము కాలమును సాగదీసి ఊపిరి తీయును. తెలియనివాడు ఊపిరి చాలనిచోట తీయును. వినువానికి అది మాట నడుమ దగ్గినట్లుండును.

ఇక మన యింటికి వత్తము.

టెలిమన్ 1767వ సంవత్సరము జూనులో హాంబుర్గ్‌లో మరణించెను. అదే సంవత్సరము మే నెలలో తిరువారూరున త్యాగరాజస్వామి జన్మించిరి. ఎక్కడి తెలుగు, ఎక్కడి తిరువారూరు! తరతరములుగా తమిళదేశమున నెలకొని, ఇంట తెలుగు మాటాడు కుటుంబమువారి బిడ్డ. మనవంటివారే. మన పల్లెలలో ఆడెడు తెలుగును విని అటునుండి వచ్చినవారు "ఇదేమి వంకర తెలుగండీ" అందురు. మాకును ఒకమారు ఆ అనుభవము కలిగినది. విజయవాడవైపు ఒక పెండ్లిలో మేము మాటాడగా పక్కనున్న కుఱ్ఱవాండ్రు నవ్విరి. అప్పుడు సిగ్గుపడితిమి, బరోక్ అను మాటకు అర్థము అప్పటికి తెలియదు.

మన వేణువు మాట లేక కృతిని వాయించును. తిరువిడైమరుదూరు మహాలింగముగారు (1926–1986) వేణువును గాత్రమువలె పలికించిరని లోకమంతయు కొనియాడును. గాత్రమువలె అనుటకు అర్థమేమి? గమకము మాత్రమే కాదు. సాహిత్యము ఎఱిగి, పదము తెగినచోట ఊపిరి తీయుట. పదములో సగమున ఊపిరి తీసినచో, తెలుగు తెలిసినవాని ప్రాణము విలవిలలాడును. తెలియనివానికి ఏమియు కాదు. మా నాయనమ్మగారు పెండ్లిండ్లలో నాగస్వరము మ్రోగునప్పుడు లోగొంతుకతో సాహిత్యమును కలుపుచుండెడివారు. ఎక్కడైనను పదము విఱిగినచో కనుబొమ్మలు ముడివేసెడివారు. ఆమెకు సంగీతము రాదు. భాష వచ్చును, అంతే. నేడు మన ఇండ్లలో అట్లు కనుబొమ్మ ముడివేయగలవారు ఎందఱున్నారు?

ఇందు తమిళ విద్వాంసులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. త్యాగరాజస్వామి కృతులను ఇంతకాలము కంఠమున నిలిపి కాపాడినవారిలో పెక్కుమంది తెలుగు మాతృభాష కానివారే. వారికి మనము రుణపడియున్నాము. మా ఫిర్యాదు మనమీదనే. మొన్న ఒక ఇంట మన పిల్ల పాట నేర్చుకొను పుస్తకమును చూచితిమి. కృతి తెలుగు, లిపి తమిళము. క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒకే అక్షరము. పైన 2, 3, 4 అని అంకెలు. ఆ అంకెలును సగముచోట్ల లేవు. ఆ బిడ్డ ఇంట అమ్మతో మాటాడునది తెలుగే. పుస్తకమున ఆ తెలుగునే పరాయిభాషవలె కూడబలుకుకొనుచున్నది. క్వాంట్స్ ఒక స్వరభేదమునకై మీట పెట్టించినాడు. మనము నాలుగు హల్లులను ఒక్కటి చేసి ఊరకున్నాము.

గ్రంథము కావలెనంటిమి. మన గ్రంథము ఎక్కడనో లేదు. శంకరన్‌కోవెల, కోవిల్‌పట్టి మీదుగా పోయినచో సగము పూటలో ఎట్టయపురము చేరవచ్చును. అక్కడి పాలకులును తెలుగు వంశమువారే. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో కన్నుమూసినది ఆ ఊరనే. వారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు మద్రాసున ఒక ఐరోపావానివద్ద వయొలిను నేర్చి, దానిని మన సంగీతమునకు తెచ్చి, పిదప ఆ సంస్థానమునకే విద్వాంసులైరి. ఐరోపా వాద్యము మన యింటికి వచ్చిన త్రోవయు మన పొరుగునుండియే పోయినదన్నమాట. ఆ వంశముననే సుబ్బరామ దీక్షితులు (1839–1906) సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో ఎట్టయపురమున అచ్చువేయించిరి. సుమారు 1700 పుటలు. గమకములకు ప్రత్యేకముగా గుర్తులు ఏర్పఱచి, ఏ స్వరము ఎట్లు కదలవలెనో ప్రతి కృతికిని చూపినారు. ఒతెతేర్, క్వాంట్స్ తమవారికి చేసిన పనికి ఇది ఏమాత్రమును తీసిపోదు. ఆ గ్రంథము తెలుగులిపిలో ఉన్నది. తమిళదేశమున, తెలుగులో. తరువాత తమిళమునను వెలువడినది నిజమే. ఆ పని చేసినవారికి నమస్కారము. అయినను మొదటి ముద్రణమును ముందిడుకొని దీక్షితులవారు కూర్చిన అక్షరములను వారు కూర్చినట్లే చదువుట వేఱు. ఆ భాగ్యము పుట్టుకతో లభింపదగిన పిల్లలు మన వీథిలోనే ఆడుకొనుచున్నారు. వారికి అ, ఆ లు రావు.

బెల్జియము పిల్లవాడు ఒకడు గురువు లేక, పరభాషలలోని పాతపుస్తకములతో మూలబడిన వేణువును పలికించెను. మన పిల్లలకు అంత శ్రమ లేదు. భాష నోటనే ఉన్నది. యాబదియాఱు అక్షరములు నేర్చుకొనవలెను. ఆదివారమునకు ఒక గంట చొప్పున, మూడు నాలుగు నెలల పని.

కార్యదర్శిగారితో మేము మాటాడితిమి. వచ్చే ఆదివారము మొదలుకొని సాయంకాలము నాలుగు గంటలకు ఈ సంఘమందిరముననే అక్షరములు నేర్పుటకు మేమును, మఱి ఇద్దఱును సిద్ధముగా నున్నాము. పలక, బలపము మేమే తెత్తుము. పాట నేర్చుకొను పిల్లలు తమ పుస్తకములను తప్పక తీసికొని రావలెను. వారమున కొక కృతిని తెలుగులిపిలోనికి మార్చి, పదములను విడదీసి చూపుదుము. వేణువు ఉన్నవారు వేణువును తేవచ్చును. చదువు ముగిసిన పిదప బాఖ్ కృతిని ఆ కాలపు కొయ్య వేణువుమీద వాయించినదానిని వినిపించెదము. ఇరువది నిమిషములకు మించదు. ప్రక్క వీథి మగ్గములవారిని ఆ ఇరువది నిమిషములు ఆపుడని అడిగితిమి. పది నిమిషములు ఆపుదుమన్నారు. తక్కిన పదింటికి మా అక్కగారు వెళ్ళి అడుగుదురు.